జనగణన కాలిపోయినా పన్ను లెక్క మిగిలింది

సంపాదకులకు,

1922 అంతర్యుద్ధంలో, ప్రభుత్వ పాత రికార్డులు దాచిన డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ న్యాయస్థాన సముదాయం తగలబడ్డాక ఐర్లండ్‌లో పూర్వీకుల జాడ దొరకదని చాలామంది చేతులెత్తేస్తారు. పాత జనగణన చాలావరకు పోయిన మాట నిజమే. పన్ను పుస్తకాలు మిగిలాయి.

ముందు 1847–1864 మధ్య అచ్చయిన గ్రిఫిత్ వాల్యుయేషన్ (పన్ను కోసం భూములకు, ఇళ్లకు విలువ కట్టిన జాబితా) చూడాలి. ఒకే పేరుతో టౌన్‌లాండ్‌లు (అక్కడి అతి చిన్న భూవిభాగాలు) చాలా ఉంటాయి కనుక కౌంటీ, పారిష్ కూడా తెలియాలి. మన అడంగల్‌లాగే ఇందులో అనుభవదారు పేరే ఉంటుంది, భార్యాపిల్లల ఊసుండదు. పక్క కాలమ్‌లోని ‘ఇమ్మీడియట్ లెసర్’, అంటే అతనికి నేరుగా కౌలుకిచ్చినవాడు, భూస్వామే కానక్కర్లేదు. తానూ కౌలుదారై ఉండొచ్చు. ‘ఇన్ ఫీ’ అని ఉంటే సొంత భూమి. ఒకేచోట ఇద్దరు పాట్రిక్ మర్ఫీలుంటే పేరు పక్కన తండ్రి పేరో, ఇంటి మారుపేరో రాసేవారు. ఇది ఎంతో విలువైన ఆధారం.

అంతకు ముందు తరానికి 1823–1837 నాటి టైత్ పుస్తకాలున్నాయి. ఈ చర్చి పన్ను సాగుభూమి మీదే, కాబట్టి పట్నవాసులు, భూమిలేని కూలీలు దొరకరు. చాలామంది బోల్తాపడేది విస్తీర్ణం దగ్గర. వీటిలో తరచుగా ఐరిష్ ఎకరమే వాడారు. అది సుమారు 1.62 మామూలు ఎకరాలు. టైత్‌లో 10, గ్రిఫిత్‌లో 16 ఎకరాలుంటే రెండూ ఒకే పొలం కావచ్చు!

గ్రిఫిత్ తర్వాతి కాలానికి, ఆ జాబితాలో మార్పులు నమోదు చేసిన సవరణ పుస్తకాలున్నాయి. పాత పేరు కొట్టేసి, రంగు సిరాతో కొత్త పేరు, పక్కన ఏడాది వేసేవారు. ఏ ఏడాది మార్పో సిరా రంగే చెబుతుంది; నలుపు-తెలుపు జిరాక్స్ తెచ్చుకుంటే ఆ గుర్తు పోతుంది. నమోదు ఆలస్యమయ్యేది కూడా, పేరు మారిన ఏడాదే మనిషి పోయాడనుకోవద్దు.

— ఒక పాఠకుడు, హైదరాబాద్