50 లీటర్ల క్యాన్ తయారీ పద్ధతిని ఎందుకు మార్చాను

మా 50 లీటర్ల క్యాన్లు కొనే వినియోగదారులందరికీ,

గత రెండు బ్యాచ్‌ల క్యాన్లు అడుగు మూలల దగ్గర చిట్లి కారుతున్నాయని మీలో పలువురు ఫోన్ చేశారు. కొందరు చిట్లిన క్యాన్‌నే తెచ్చి చూపించారు. మొదట ఫిర్యాదు చేసిన ఇద్దరితో, ఎత్తు నుంచి పడి ఉంటుందని అన్నాను. ఆ మాట తప్పు. వారికి విడిగా క్షమాపణ చెప్పుకున్నాను, ఇప్పుడు అందరి ఎదుటా మళ్లీ చెప్పుకుంటున్నాను.

తిరిగొచ్చిన క్యాన్లను తూచి, రంపంతో కోసి చూశాను. 2.4 కిలోలు ఉండాలని క్యాన్లు చేసిచ్చే సరఫరాదారుతో మేము ఒప్పుకున్న క్యాన్ రెండు కిలోలైనా తూగలేదు, అడుగు మూలలో గోడ మందం ఒక మిల్లీమీటరు కూడా లేదు. ఈ క్యాన్లు బ్లో మౌల్డింగ్‌లో తయారయ్యేవి. కరిగిన హెచ్‌డీపీఈని (క్యాన్లకు వాడే గట్టి రకం పాలిథీన్ ప్లాస్టిక్) గొట్టంలా కిందికి దించి, దాని చుట్టూ అచ్చును మూసి, లోపలికి గాలి ఊదితే ఆ గొట్టం ఉబ్బి అచ్చు గోడలకు అంటుకుంటుంది. ఎంత దూరం సాగవలసి వస్తే ప్లాస్టిక్ అంత పలచబడుతుంది కాబట్టి, గొట్టం బరువు తగ్గిస్తే ఆ లోటు ముందుగా అడుగు మూలల్లోనే బయటపడుతుంది. మాకు చెప్పకుండా సరఫరాదారు చేసింది అదే.

అంతటితో ఆగలేదు. అచ్చు మూసుకున్నప్పుడు పైనా కిందా నొక్కుకుపోయి మిగిలే తుక్కును మళ్లీ గింజలుగా ఆడించి కొత్త ప్లాస్టిక్ గింజల్లో కలపడం ఈ పనిలో మామూలే. శుభ్రమైన తుక్కును పరిమితంగా కలిపితే దానిని తప్పు పట్టలేము. కానీ అదే ప్లాస్టిక్‌ను మళ్లీ మళ్లీ కరిగిస్తే దాని పొడవాటి అణు గొలుసులు తెగుతాయి, పగుళ్లను తట్టుకునే శక్తి తగ్గుతుంది. పైగా ఒత్తిడిలో ఉన్న హెచ్‌డీపీఈని సబ్బు ద్రావణాలు త్వరగా చిట్లిస్తాయి. క్యాన్లలో శుభ్రపరిచే ద్రవాలు నిల్వ చేసేవారి నుంచే ముందుగా ఫిర్యాదులు రావడానికి కారణం ఇదేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. నిలదీసి అడిగితే, తుక్కు ఎక్కువగా కలిపిన మాట నిజమేనని, అందరూ చేసేదేనని సరఫరాదారు అన్నారు. తొమ్మిదేళ్లుగా ఆయన మాట మీద మీకు మాట ఇస్తూ వచ్చాను. క్యాన్ చిట్లినందుకు కలిగిన బాధ కంటే ఆ జవాబు విన్నప్పుడు కలిగిన బాధే పెద్దది.

ఆ తరువాత మూడు నెలలు ఒకే ప్రశ్నతో గడిచాయి: క్యాన్లను ఇకపై ఏ పద్ధతిలో చేయించాలి? ఇంజెక్షన్ మౌల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను మూసిన అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించే పద్ధతి) గురించి ఎక్కువగా ఆలోచించలేదు. ఇలాంటి బోలు వస్తువు ఆ పద్ధతిలో ఒకే ముక్కగా రాదు, రెండు భాగాలుగా చేసి అతకాలి. దానికయ్యే ఉక్కు అచ్చు ఖర్చు, నెలకు కొన్ని వందల క్యాన్లు అమ్మే మాకు ఎప్పటికీ తిరిగి రాదు. అసలు తర్జనభర్జన మరో బ్లో మౌల్డింగ్ కర్మాగారానికి వెళ్లడమా, రోటో మౌల్డింగ్‌కు మారడమా అన్న దగ్గరే. గొట్టం మందాన్ని ఎక్కడికక్కడ సరిచేసే యంత్రం ఉన్నచోట బ్లో మౌల్డింగ్‌లో మంచి క్యాన్ వస్తుంది. తెలిసినవారంతా అదే దారి చూపించారు. నేను వినలేదు, రోటో మౌల్డింగ్‌నే ఎంచుకున్నాను.

రోటో మౌల్డింగ్‌లో ప్లాస్టిక్ పొడిని తూచి అచ్చులో పోసి, అచ్చును మూసి, కొలిమిలో రెండు దిక్కులా నెమ్మదిగా తిప్పుతారు. పొడి వేడి గోడలకు పట్టుకుని కరిగి పొరగా పేరుకుంటుంది, చల్లారేదాకా అచ్చు తిరుగుతూనే ఉంటుంది. ఇందులో సాగదీయడం ఉండదు కాబట్టి మూలలు పలచబడవు, గోడలో నిలిచిపోయే ఒత్తిడి కూడా చాలా తక్కువ. నన్ను ఒప్పించింది మాత్రం తూకం. నొక్కుకుపోయి మిగిలే తుక్కు లేదు కనుక, అచ్చులో పోసిన పొడి బరువే దాదాపుగా క్యాన్ బరువు. ఆ పొడిని మేమే కొని, మేమే తూచి, సంచులు కట్టి కర్మాగారానికి పంపుతున్నాము. ఇంకొకరి మాట మీద మరోసారి మీకు హామీ ఇవ్వడం నా వల్ల కాదు.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. బ్లో మౌల్డింగ్‌లో నిమిషాల్లో వచ్చే క్యాన్‌కు ఇక్కడ అరగంటకు పైగా పడుతుంది. మొదటి నమూనాలు కొలిమిలో చాలినంత సేపు ఉండక, కోసి చూస్తే గోడ నిండా సన్నని బుడగలు కనిపించాయి. రెండోసారి వేడి ఎక్కువై లోపలి పొర పసుపుబారి, మాడు వాసన వచ్చింది. మూడో విడత నమూనాలను నీటితో నింపి మనిషి ఎత్తు నుంచి మూల మీద పడేలా వదిలాము, ఒక్కటీ చిట్లలేదు. ఇందులో వాడే ఎల్‌ఎల్‌డీపీఈ (మరో రకం పాలిథీన్) హెచ్‌డీపీఈ కంటే కాస్త మెత్తన కనుక గోడ మందం పెంచాము, దానితో క్యాన్ బరువు 3.2 కిలోలు అయింది. ఎత్తేటప్పుడు ఆ తేడా మీకు తెలుస్తుంది. బయటి గోడ పాతదానంత నునుపుగా ఉండదు.

ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవారికి పాత ధరకే ఇస్తాము, కానీ ఇంకో ఆరు వారాలు ఓపిక పట్టవలసి ఉంటుంది. గత రెండు బ్యాచ్‌ల క్యాన్లను, చిట్లినా చిట్లకపోయినా, రసీదు లేకపోయినా వెనక్కు తీసుకుని కొత్తవి ఇస్తాము. అప్పటివరకు వాటిలో సబ్బు ద్రావణాలు ఉంచవద్దు, ఒకదానిపై ఒకటి పేర్చవద్దు. కొత్త క్యాన్ మూతి మర కొలత వేరు, పాత మూతలు దానికి సరిపోవు. బలవంతంగా బిగిస్తే మర చెడిపోతుంది. ప్రతి క్యాన్‌తో రెండు మూతలు పంపుతున్నాము.