ఊరి శిల్పాల ఫొటోలు, కొలతలు బడి పిల్లల చేత రాయించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఊళ్లలో పాత విగ్రహాలు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) మాయమైనప్పుడల్లా దొంగలను పట్టుకోవడం గురించి మాట్లాడుకుంటాం గానీ, దొరికిన సొత్తు ఫలానా ఊరిదేనని రుజువు చేయడం ఎలాగో ఆలోచించం. ముప్పయ్యేళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పిన నాకు కూడా మా ఊరి వీరగల్లు పోయేదాకా ఆ సంగతి తట్టలేదు. దాన్ని తిరిగి ఊరికి చేర్చింది మా ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే ఏడుగురు పిల్లలు. వాళ్లు చోరీ జరిగాక చేసిన పని, మిగతా ఊళ్లలో చోరీ జరగకముందే జరగాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా చెరువుకట్ట మీద రావిచెట్టు మొదట్లో ఉండే ఆ శిల్పాన్ని అందరం 'వీరుడి రాయి' అంటాం. గుర్రం మీద వీరుడు, పైన సూర్యచంద్రులు. కొత్త దంపతులు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టడం మా ఊరి ఆనవాయితీ. నిరుడు మాఘమాసంలో ఒకనాడు తెల్లవారి చూస్తే రాయి ఉన్నచోట గొయ్యి ఉంది. ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే ఎత్తెంత, వెడల్పెంత, ఏ రకం రాయి, ఫొటో ఏమైనా ఉందా అని అడిగారు. అడగడం న్యాయమే. పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న రాయి గురించి మా పెద్దమనుషుల్లో ఒకరు మోకాలెత్తు అంటే ఇంకొకరు నడుమెత్తు అన్నారు. వీరుడి చేతిలో ఉన్నది కత్తా, బల్లెమా అన్నదగ్గర కూడా మాట కలవలేదు. నేనూ చెప్పలేకపోయాను, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ సాయంత్రమే పిల్లలు వీధులు పంచుకుని ఇల్లిల్లూ తిరిగారు. పెళ్లి ఆల్బం ఉన్న ప్రతి ఇంట్లోనూ వీరుడి రాయి ఫొటో ఉండి తీరుతుందని వాళ్లలో ఒక అమ్మాయికి తోచింది. నాలుగు రోజుల్లో పదకొండు ఫొటోలు పోగయ్యాయి. చాలావాటిలో పసుపు పూత దట్టంగా ఉండి ఆనవాళ్లు తెలియలేదు. ఒక పాత ఆల్బంలో మాత్రం రాయిని అప్పుడే కడిగినట్టున్నారు, వీరుడు ఎత్తి పట్టిన కత్తి, గుర్రానికి విరిగిపోయిన కుడిచెవి స్పష్టంగా కనిపించాయి. రాయిని ఆనుకుని ఒక ఇత్తడి బిందె ఉంది. ఆ బిందె ఆ ఇంటి అటక మీద ఇప్పటికీ ఉందని తెలిసి పిల్లలు దాన్ని దింపించి, టేపుతో కొలిచి, ఫొటోలో బిందె ఎత్తుకూ రాయి ఎత్తుకూ నిష్పత్తి కట్టి, నేల మీదికి కనిపించే రాయి రెండడుగుల ఎనిమిది అంగుళాలని తేల్చారు. ఆ ఫొటో, ఆ కొలత జతచేశాకే మా ఫిర్యాదుకు ఒక రూపం వచ్చింది.

నెలన్నర తర్వాత పక్క మండలంలో ఒక పాత గోదాములో ఐదు శిల్పాలు దొరికాయి. వాటిలో మా రాయిని పోలీసులు గుర్రం చెవిని బట్టే గుర్తుపట్టారు. పాతుకుని ఉన్న భాగాన్ని మినహాయించి కొలిస్తే పిల్లల లెక్కకు అంగుళం కూడా తేడా రాలేదు.

పెద్ద పెద్ద కేసులు తేలింది కూడా ఇలాగే. మా ప్రకాశం జిల్లాలోనే గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం బౌద్ధక్షేత్రం నుంచి అపహరణకు గురైన సున్నపురాయి శిల్పాన్ని, బుద్ధుణ్ణి ఆరాధిస్తున్న భక్తులున్న ఆ ఫలకాన్ని, ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో దాదాపు ఆరు లక్షల డాలర్లు పెట్టి కొన్నది. చోరీకి ముందు అది చందవరంలోనే ఉన్నట్టు చూపే ఫొటో బయటపడ్డాక, 2016లో భారత్‌కు తిరిగి అప్పగించింది. తమిళనాడులోని శ్రీపురంతాన్ నటరాజ విగ్రహం 2014లో అదే చిత్రశాల నుంచి తిరిగి వచ్చిందంటే, పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధనా సంస్థ 1956 నుంచి గుడి గుడికీ తిరిగి తీయించి భద్రపరచిన ఫొటోల పుణ్యమే. హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో 2018 సెప్టెంబరులో పోయిన బంగారు టిఫిన్ డబ్బా కొద్ది రోజుల్లోనే దొరికింది. దాని రూపురేఖలు నమోదై ఉన్నాయి కాబట్టి అది ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. చెరువుకట్ట మీది రాయికి మ్యూజియం లేదు, నంబరు లేదు, కాపలా లేదు. నందుల పొట్టలో నిధి ఉందన్న వెర్రినమ్మకంతో వాటిని పగలగొట్టేవాళ్లకూ, పట్నం బేరగాళ్లకూ అది సులువుగా చిక్కుతోంది.

నూరేళ్లు దాటిన శిల్పాన్ని 1972 నాటి చట్టం పురావస్తువుగానే పరిగణిస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. చట్టం ఉన్నా వివరాల నమోదు లేదు. 2007లో ఏర్పాటైన స్మారకాలు, పురావస్తువుల జాతీయ మిషన్ దేశంలో సుమారు 58 లక్షల పురావస్తువులున్నాయన్న అంచనాకు గాను 16.8 లక్షలను మాత్రమే నమోదు చేయగలిగిందని 2023లో పార్లమెంటరీ స్థాయీసంఘం నివేదిక చెప్పింది. ఈ లెక్కన మా ఊరి రాయి వంతు ఎప్పటికి వచ్చేదో ఊహించుకోవచ్చు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకూ, పురావస్తు శాఖలకూ నా విన్నపం. ప్రతి ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఏటా ఒకసారి ఊరి శిల్పాల నమోదు చేయించండి. ముందు, వెనుక, పక్కల నుంచి ఫొటోలు, పక్కన స్కేలు, టేపుతో కొలతలు, రాయి రకం, విరిగిన చోట్లు, శాసనం ఉంటే దాని దగ్గరి ఫొటో చాలు. దొంగసొత్తును గుర్తించడానికి ప్రపంచమంతటా అడిగే వివరాలు ఇవే. అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ 2021లో తెచ్చిన ఐడీ-ఆర్ట్ అనే ఉచిత యాప్‌లో కూడా ఇలాగే వివరాలు నింపి దాచుకోవచ్చు. ఒక ప్రతి బడిలో, ఒకటి పంచాయతీలో, ఒకటి జిల్లా పురావస్తు అధికారి దగ్గర ఉంటే, చోరీ జరిగిన రోజే ఫొటో అన్ని ఠాణాలకూ చేరుతుంది.

ఉపాధ్యాయులు రెండు విషయాల్లో గట్టిగా ఉండాలి. పిల్లలు కథల్లోలాగా దొంగల వెంట పడకూడదు, రాత్రిపూట కాపలా కాయకూడదు. మావాళ్లలో ఇద్దరు సైకిళ్లేసుకుని, రాయిని ఎత్తుకెళ్లిన ట్రాక్టర్ జాడ వెతకబోతే నేనే ఆపాను. అలాగే ఈ ఫొటోలను ఊరి పేరుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టనివ్వకూడదు, అది దొంగలకు దారి చూపడమే అవుతుంది. శాసనాలను బ్రష్షుతో గీకడం, అక్షరాల్లో సుద్ద రుద్దడం కూడా వద్దు.

గోదాములో దొరికిన ఐదింటిలో మిగిలిన నాలుగు ఏ ఊరివో చెప్పేవారు లేక ఇప్పటికీ ఆ ఠాణా ఆవరణలో వేపచెట్టు కిందే ఉన్నాయి. అధికారుల అనుమతితో మా పిల్లలు వాటి ఫొటోలు తీశారు, ఈ లేఖతో పంపుతున్నాను. ఒకటి జంట నాగులది. ఒకటి గాజుల చేతిని పైకెత్తిన సతిశిల, అంటే సహగమనం చేసిన స్త్రీ గుర్తుగా నిలిపిన రాయి. ఒకటి తల లేని చిన్న నంది. నాలుగోదానిమీద వీరుడి కాళ్ల దగ్గర ఒక కుక్క ఉంది, కింద రెండు పంక్తుల అరిగిన అక్షరాలున్నాయి. మీ జిల్లా సంచికలో చోటిచ్చి వీటిని ప్రచురిస్తే, తమ రాయిని పోల్చుకున్న ఊరివారు పాత పెళ్లి ఫొటో ఒకటి వెతికి తీసుకుని వస్తారని మా పిల్లలు ఎదురుచూస్తున్నారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా