ఇంటి నుంచి వ్యాపారం మొదలుపెట్టాలనుకునే మన గ్రూపువారికి

అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. నిన్న గ్రూపులో వచ్చిన ‘ఇంట్లోనే పెన్సిల్ ప్యాకింగ్, నెలకు 30 వేలు’ ప్రకటనను దయచేసి ఎవరికీ పంపకండి. మా ఆడపడుచు ఇలాంటిదే నమ్మి రిజిస్ట్రేషన్‌కని 2,500 కట్టింది. ముందుగది సర్ది బల్ల కూడా వేసుకుంది, పాపం. తర్వాత కొరియర్ ఖర్చన్నారు, ఆపై జీఎస్టీ అన్నారు. ఒక్క పెన్సిలూ రాలేదు, ఇప్పుడు వాళ్ల ఫోను కలవడం లేదు. పని ఇచ్చేవారు మనకు డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడం ఏమిటి?

ఆవకాయ, కారప్పొడులు అమ్మాలనుకునేవారు ధైర్యంగా మొదలుపెట్టండి. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నమోదు ఉండాలి, ఆ నంబరు సీసా లేబుల్ మీద వేయాలి. ఉద్యమ్ నమోదు, అంటే మన చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవడం, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉచితం. దానికి వేలు అడిగేవారిని దగ్గరికి రానివ్వకండి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా పథకంలో శిశు రుణం 50 వేల వరకు హామీ లేకుండా ఇస్తారు, నేరుగా బ్యాంకులోనే అడగండి.

పెద్ద ఆర్డరంటూ, అడ్వాన్సు పంపుతాం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అంటే వెంటనే ఫోను పెట్టేయండి. మనకు డబ్బు రావడానికి స్కాన్ చేసి పిన్ కొట్టనక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఆదివారం సాయంత్రం ఆధార్, పాన్ కార్డులు తీసుకుని మా ఇంటికి రండి, ఉద్యమ్ నమోదు దగ్గరుండి చేయిస్తాను.