హైడెల్‌బర్గ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయికి

అమ్మలూ,

మొన్న వీడియో కాల్‌లో మాటల మధ్య నువ్వు ఒకటన్నావు, స్టేషన్ దగ్గర రోమా వాళ్ళు, అదే జిప్సీలంటారే వాళ్ళు, తిరుగుతుంటారు, బ్యాగ్ ముందుకు వేసుకోమని మన తెలుగు సీనియర్లు చెప్పారని. జాగ్రత్త ఏ ఊళ్ళోనైనా మంచిదే. కానీ ఒక జాతి మొత్తానికి దొంగతనం అంటగట్టే ఆ మాట నువ్వున్న జర్మనీలో ఎంత పని చేసిందో నీకు తెలియాలి, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాజీలు అనగానే మనకు 60 లక్షల మంది యూదులు గుర్తొస్తారు, రావాలి కూడా, ఆ దుఃఖాన్ని ఇసుమంత తగ్గించడానికి కాదు ఈ ఉత్తరం. సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతి పుస్తకంలో చనిపోయినవాళ్ళ లెక్క చెప్పే వాక్యంలో '2 లక్షల మంది జిప్సీలు' అని ఓ ముక్క ఉండేది. పిల్లలు చదివేసి ముందుకెళ్ళిపోయేవాళ్ళు. చరిత్రకారుల అంచనాలు చూస్తే రెండున్నర లక్షల నుంచి 5 లక్షల దాకా ఉన్నాయి, ఎందుకంటే ఎంతోమందిని క్యాంపుల దాకా కూడా తీసుకెళ్ళకుండా తూర్పు యూరప్‌లో దొరికినచోటే కాల్చేశారు, పైగా యుద్ధం అయ్యాక వాళ్ళను లెక్కపెట్టాలని ఎవరికీ తొందర లేదు.

సెటెలా గురించి చెప్పాలి నీకు. 1944 మే 19న నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ క్యాంపు నుంచి నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌కు వెళ్ళే రైలును అక్కడి ఖైదీ ఒకతను సినిమా తీశాడు, క్యాంపు కమాండర్ తీయమంటేనే. అందులో పెట్టె తలుపు సందులోంచి, తలకు గుడ్డ కట్టుకున్న ఒక చిన్నపిల్ల బయటికి చూస్తుంది, కొన్ని క్షణాలే. యుద్ధం తర్వాత ఆ ముఖం ఎన్నో పుస్తకాల్లో, డాక్యుమెంటరీల్లో వచ్చింది, యూదుల పిల్ల అనే అందరూ అనుకున్నారు. 1994లో ఆద్ వాగెనార్ అనే డచ్ జర్నలిస్టు వెతికి వెతికి తేల్చాడు, ఆమె పేరు సెటెలా స్టైన్‌బాఖ్, రోమాల్లోనే ఒక శాఖ అయిన సింతీల పిల్ల, తొమ్మిదేళ్ళు. ఆ రైల్లో 245 మంది రోమా, సింతీలు ఉన్నారు. ఆష్విట్జ్‌లో ఆమెను, తల్లిని, తోబుట్టువులను చంపేశారు. యాభై ఏళ్ళు ప్రపంచం ఆ పిల్ల ముఖం చూస్తూనే ఉంది, ఎవరి బిడ్డో అడగలేదు, నాకు అదే మింగుడుపడదు.

ఆష్విట్జ్‌కు తెచ్చిన రోమా, సింతీలు సుమారు 23,000 మంది, వాళ్ళలో దాదాపు 21,000 మంది అక్కడే పోయారు. 1944 ఆగస్టు 2 రాత్రి అక్కడ వాళ్ళ కుటుంబాలను ఉంచిన క్యాంపులో మిగిలిన 4,000 మందికి పైగా ముసలివాళ్ళను, తల్లులను, పిల్లలను గ్యాస్ చాంబర్లకు తోలారు.

ఇదంతా ఒక్కరోజులో మొదలవలేదు. హిట్లర్ రాకముందే, 1899 నుంచే మ్యూనిక్ పోలీసులు వీళ్ళ పేర్లు ప్రత్యేకంగా ఫైళ్ళకెక్కించారు. తర్వాత రాబర్ట్ రిటర్ అనే డాక్టరు బృందం ఊరూరా తిరిగి తలలు కొలిచి, వంశవృక్షాలు గీసి, నేరం వీళ్ళ రక్తంలోనే ఉందని రాసింది. అతని సహాయకురాలు ఎవా యుస్టిన్‌కు రోమానీ భాష వచ్చు, దాంతోనే పిల్లలు నమ్మేవాళ్ళు. మీ రాష్ట్రంలోనే ముల్ఫింగెన్ అనే ఊళ్ళో, తల్లిదండ్రుల నుంచి విడదీసి అనాథాశ్రమంలో పెట్టిన సింతీ పిల్లలమీద పరిశోధన చేసి ఆమె డాక్టరేట్ తెచ్చుకుంది. ఆమె పని అయిపోయింది, 1944 మేలో 39 మంది పిల్లల్ని ఆష్విట్జ్ పంపారు. నలుగురు బతికారు. యుద్ధం తర్వాత రిటర్‌కూ, యుస్టిన్‌కూ ఫ్రాంక్‌ఫర్ట్ నగర పాలక సంస్థే ఉద్యోగాలిచ్చింది, తెలుసా!

బతికి వచ్చినవాళ్ళు పరిహారం అడిగితే 1956లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ఏమందంటే, 1943కు ముందు వీళ్ళను పట్టుకెళ్ళింది జాతి పేరుతో కాదట, వీళ్ళ నేరస్వభావం వల్లనట. పోలీసు ఫైల్లో ఉన్న మాటే తీర్పులోకి వచ్చింది. దాన్ని కొంత దిద్దడానికి 1963 దాకా పట్టింది. 1980లో సింతీలు కొందరు, వాళ్ళలో క్యాంపులు చూసి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, ఒకప్పటి నాజీ క్యాంపు డాకావులో నిరాహారదీక్షకు కూర్చున్నారు. 1982లో గానీ ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్ ఇది జాతి హననమని ఒప్పుకోలేదు. ఈలోగా ఎంతమంది పరిహారం అందకుండానే పోయారో.

బాపట్ల దాటి రైలు స్టూవర్టుపురంలో ఆగితే జనం సామాన్లు దగ్గరికి లాక్కోవడం నువ్వు చిన్నప్పుడు చూసిందే. అక్కడికి తెచ్చి ఉంచిన ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే నేరస్తులని తెల్లవాళ్ళ చట్టం ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో పోయింది, అనుమానం పోలేదు. అందుకే నువ్వు ఆ మాట అనగానే నాకు ప్రాణం ఉసూరుమంది. పైగా రోమా వాళ్ళ పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కిందట మన దేశం నుంచే వెళ్ళారు, వాళ్ళ భాష హిందీకి చుట్టం. ఆ చుట్టరికం లేకపోయినా ఈ ఉత్తరం రాసేదాన్నే అనుకో.

మీ ఊళ్ళోనే, పాత బస్తీలో, జర్మన్ సింతీ, రోమాల డాక్యుమెంటేషన్ సెంటర్ ఉంది, 1997లో తెరిచారు. ఈ పరీక్షలయ్యాక ఒకసారి వెళ్ళు. నీకు బ్యాగ్ సంగతి చెప్పిన సీనియర్లను కూడా తీసుకెళ్ళు, వాళ్ళను తిట్టడానికి కాదు, వాళ్ళకూ ఎవరూ చెప్పి ఉండరు. చూశాక ఏమనిపించిందో నాకు ఫోన్‌లో రెండు ముక్కలు కాదు, వివరంగా రాసి పంపు. వేళకు తిను. నాన్న అడిగానని చెప్పమన్నారు.

అమ్మ