జింక్ మధ్యలో ఆపకు

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే అర్థమైంది ఎంత టెన్షన్‌లో ఉన్నావో. పాపకి మోషన్స్ ఇంకా తగ్గనే లేదు, నువ్వేమో మల్టీవిటమిన్ ఏది మంచిది, ప్రోబయోటిక్ ఏది వెయ్యాలి అని వరసపెట్టి అడిగావు. మాట్లాడుతుండగానే పాప ఏడుపు, నువ్వు పెట్టేశావు. అందుకే రాస్తున్నా.

ముందు ఓఆర్ఎస్, దాంతోపాటు జింక్. అవి పక్కాగా అందాక మిగతావి చూద్దాం. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు అని రాసుంటే సరిగ్గా అన్ని నీళ్లలో మొత్తం పొడి కలుపు, గ్లాసులో చిటికెడు వేసి సరిపెట్టకు. అందులో గ్లూకోజ్ రుచి కోసం కాదురా, పేగులోంచి ఉప్పుని ఒంట్లోకి తీసుకెళ్లేది అదే, ఉప్పు వెంట నీరు వెళ్తుంది. చక్కెర మరీ ఎక్కువైతే కథ తిరగబడి నీరు పేగులోకే వచ్చేస్తుంది, కూల్‌డ్రింకులు వద్దనేది అందుకే.

మావాడు గ్లాసుతో తాగిన ప్రతిసారీ కక్కేసేవాడు. పది నిమిషాలు ఆగి, ఒళ్లో పడుకోబెట్టుకుని, నిమిషానికో స్పూను చొప్పున పెదవి పక్కనుంచి పోస్తూ కూర్చున్నా. చెయ్యి పీకింది కానీ కడుపులో నిలిచింది.

ఇక జింక్. విరేచనాలు త్వరగా తగ్గడానికి, తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ రాకుండా ఉండటానికి సాయపడుతుంది. 2004లో డబ్ల్యూహెచ్ఓ, యూనిసెఫ్ చెప్పింది ఆరు నెలలు దాటినవాళ్లకి రోజుకి 20 మి.గ్రా., లోపువాళ్లకి 10, పది నుంచి పద్నాలుగు రోజులు. అంతకంటే తక్కువ డోసు ఇచ్చినా పనితనం తగ్గలేదని, వాంతులు తక్కువని 2020లో ఒక పెద్ద పరిశోధనలో తేలింది, కాబట్టి డోసు మీ డాక్టర్నే అడుగు. మోషన్స్ ఆగాయి కదా అని మూడోరోజే ఆపెయ్యకు. నేను చేసిన తప్పు అదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తల్లిపాలు మానొద్దని చెల్లెమ్మకి చెప్పు. తిండి కూడా ఆపొద్దు, పాప రోజూ తినేదే కొంచెం కొంచెంగా పెట్టండి. మోషన్స్ ఆపే మాత్రలు మాత్రం సొంతంగా వెయ్యొద్దు.

కళ్లు లోపలికి పోయినా, ఒంటేలు తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా, ఏమీ తాగలేక మగతగా పడి ఉన్నా ఈ ఉత్తరం పక్కన పడేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఒంటేలు పోసిందో చూసి నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఎత్తుతాను.