కణాల మీద పోసిన కాఫీ సారం, మనం తాగే కాఫీ ఒకటి కావు

సంపాదకులకు,

కాఫీలోని పాలీశాకరైడ్లు (చక్కెర అణువులు గొలుసులుగా కలిసిన పదార్థాలు) రోగనిరోధక కణాలను ఉత్తేజపరుస్తాయన్న వార్తలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ప్రయోగశాల వరకు అందులో నిజముంది. కానీ ఏ పాలీశాకరైడ్, ఎలా తీసింది, ఏ పరీక్షలో తేలింది అన్నవి వదిలేస్తే వార్త దారి తప్పుతుంది.

పచ్చి కాఫీ గింజ ఎండు బరువులో దాదాపు సగం పాలీశాకరైడ్లే. సెల్యులోజ్ పోను ముఖ్యమైనవి రెండు. గాలక్టోమానన్ బారైన గొలుసు: మానోజ్ అనే చక్కెరలు బీటా-1,4 బంధాలతో వరసగా ఉంటాయి, అక్కడక్కడ గాలక్టోజ్ అనే చక్కెర ఒక్కొక్కటిగా వేలాడుతుంది. ఆ వేలాడేవి తగ్గేకొద్దీ గొలుసులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని నీళ్లలో కరగడం మానేస్తాయి. అరబినోగాలక్టాన్ గుబురులాంటిది. బీటా-1,3 గాలక్టోజ్ వెన్నుకు ఆరో కార్బన్ దగ్గర కొమ్మలు, వాటి మీద అరబినోజ్ అనే మరో చక్కెర, కొంత గ్లూకురోనిక్ ఆమ్లం, గుబురు మొదలు దగ్గర ప్రోటీన్. గింజను వేయిస్తే ముందు రాలేది ఆ అరబినోజే. కాబట్టి పచ్చి గింజతో వచ్చిన ఫలితాన్ని వేయించిన గింజకు అంటగట్టకూడదు.

అసలు చిక్కు ఎండోటాక్సిన్‌తో, అంటే కొన్ని బాక్టీరియాల పైపొరలో ఉండి, తానే రోగనిరోధక కణాలను రెచ్చగొట్టే పదార్థంతో. వేడినీళ్ల సారంలో మూడింతల ఆల్కహాల్ పోసి పాలీశాకరైడ్లను అడుక్కి దింపుతారు. సారంలో బాక్టీరియా ఎండోటాక్సిన్ ఉంటే అదీ వాటితోపాటే దిగుతుంది. నమూనాలో దాని వంతు 0.01 శాతమే అనుకుందాం. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల నమూనా వేస్తే 10 నానోగ్రాముల ఎండోటాక్సిన్ కూడా వేసినట్టే. మాక్రోఫేజ్‌లు (ఒక రకం రోగనిరోధక కణాలు) రెచ్చిపోవడానికి అది చాలు. 0.2 మైక్రాన్ వడపోత దాన్ని ఆపలేదు, ఆటోక్లేవ్‌లోని 121 డిగ్రీల ఆవిరి దాన్ని చంపలేదు. అందుకే పాలిమిక్సిన్ బి అనే యాంటీబయాటిక్ కలిపి పరీక్ష మళ్లీ చేయాలి. అది ఎండోటాక్సిన్‌ను పట్టేస్తుంది. స్పందన పడిపోయిందంటే ఆ ఘనత కాఫీది కాదు. పక్కనే శుద్ధ ఎండోటాక్సిన్‌లో అదే పాలిమిక్సిన్ కలిపి ఇంకో పాత్ర పెట్టకపోతే, వేసిన పాలిమిక్సిన్ సరిపోయిందో లేదో కూడా తెలియదు.

ఇన్ని పరీక్షలకూ ఫలితం నిలబడ్డా అది పాత్రలోని కణాల సంగతే. తాగిన పాలీశాకరైడ్లను మన ఎంజైములు విడగొట్టలేవు. అవి పెద్దపేగుకు చేరి, అక్కడి బాక్టీరియా చేతిలో పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలవుతాయి. పరీక్షలోలాగా కణాల మీద నేరుగా వచ్చి పడవు.

ఇలాంటి వార్త వేసేముందు మీ విలేకరులు మూడు సంగతులు కనుక్కుని రాయాలని కోరుతున్నాను: గింజ పచ్చిదా, వేయించిందా? ఎండోటాక్సిన్ కొలిచారా? పరీక్ష కణాల మీదా, మనుషుల మీదా?

— ఒక ఆహార రసాయన శాస్త్ర అధ్యాపకుడు