రోబో ఉందా అని కాదు, ఎంత తీస్తారని అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలిదశలోనే బయటపడితే, హైదరాబాద్‌లో చాలా కుటుంబాలు ముందుగా అడిగేది ‘రోబో సర్జరీ ఉందా?’ అనే. ఆ ప్రశ్న నేర్పింది హోర్డింగులు. రోబో అయినా, కెమెరాతో చేసే వాట్స్ అయినా నొప్పిని, ఆస్పత్రిలో ఉండే రోజులను తగ్గిస్తాయి. జబ్బు తిరగబెట్టడం, పెట్టకపోవడం మాత్రం లోపల ఎంత భాగం తీశారు, లింఫ్ గ్రంథులను ఎంత శ్రద్ధగా తీశారు అన్న వాటిపై ఆధారపడుతుంది.

కుడి ఊపిరితిత్తికి మూడు లోబ్‌లు (పెద్ద భాగాలు), ఎడమదానికి రెండు. ఒక లోబ్ మొత్తం తీసే లోబెక్టమీయే చాలాకాలం ప్రమాణం. 2022లో జపాన్, 2023లో అమెరికా అధ్యయనాలు వచ్చాక, ఊపిరితిత్తి అంచు వైపున్న 2 సెం.మీ. లోపు గడ్డకు ఒక సెగ్మెంట్ (లోబ్‌లోని చిన్న విభాగం) తీసినా చాలని తేలింది. జపాన్ అధ్యయనంలో సెగ్మెంట్ తీసినవారిలో ఆపరేషన్ చేసిన చోట, దాని చుట్టుపక్కల జబ్బు తిరగబెట్టడం దాదాపు రెట్టింపు. అయినా ఆయుర్దాయం తగ్గలేదు. దీనికి షరతులున్నాయి. గడ్డ చుట్టూ 2 సెం.మీ., లేదా కనీసం గడ్డ సైజంత, మంచి కణజాలం రావాలి. గ్రంథులను ఆపరేషన్ మధ్యలోనే ఫ్రోజెన్ సెక్షన్‌కు (అప్పటికప్పుడే చేసే మైక్రోస్కోపు పరీక్షకు) పంపి చూడాలి. అందులో క్యాన్సర్ కనిపిస్తే లోబెక్టమీకి మారాలి. ముక్కలా కోసే వెడ్జ్ పద్ధతిలో, గడ్డ లోతుగా ఉంటే, చుట్టూ రావాల్సిన మంచి కణజాలం సరిపోదు. చికిత్స అక్కడే దెబ్బతింటుంది.

ఆపరేషన్ తర్వాత ఊపిరి సరిపోతుందా అన్నది స్పైరోమెట్రీ (గాలి ఊదించి చూసే పరీక్ష) ఒక్కదానితో తేలదు, ఊపిరితిత్తి నుంచి రక్తంలోకి వాయువు ఎంత చేరుతుందో చూపే డీఎల్‌సీవో కూడా కావాలి. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 సెగ్మెంట్లు. కుడి పై లోబ్‌లో మూడు పోతే 16 మిగులుతాయి. ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బలంగా వదిలే గాలి) ఉండాల్సినదానిలో 70 శాతం ఉన్నవారికి అది సుమారు 59కి పడుతుంది. ఇలా ఆపరేషన్ తర్వాతకు లెక్కగట్టిన ఎఫ్‌ఈవీ1, డీఎల్‌సీవో రెండూ 60 దాటితే దిగుల్లేదు. ఏదైనా 30–60 మధ్య ఉంటే మెట్లెక్కించి చూడాలి. ఏ ఒక్కటి 30 లోపున్నా పూర్తి వ్యాయామ పరీక్ష తప్పదు. ఆపరేషన్‌కు తట్టుకోలేనివారికి ఎస్‌బీఆర్‌టీ, అంటే గడ్డకే గురిపెట్టి ఎక్కువ మోతాదులో ఇచ్చే రేడియేషన్ ఉంది.

మన దగ్గర ఇంకో జాడ్యం: ఎక్స్‌రేలో మచ్చ కనపడగానే, కఫం పరీక్షలో టీబీ తేలకుండానే నెలల తరబడి టీబీ మందులు వాడించడం. ఈలోగా తొలిదశ కాస్తా దాటిపోతుంది. అనుమానముంటే సీటీ, బయాప్సీ ముందు.

పొగతాగేవారు కనీసం నాలుగు వారాల ముందే మానాలి. ఆపరేషన్ తర్వాత గాలి లీకు 5 రోజులు దాటడం, గుండె లయ తప్పడం మామూలుగా చూసే ఇబ్బందులే. నొప్పికి భయపడి దగ్గకుండా పడుకుంటే న్యుమోనియా రావచ్చు. అందుకే నొప్పి మందు బాగా ఇచ్చి, మర్నాడే నడిపించాలి.

ఇంటికి వెళ్లేముందు పాథాలజీ రిపోర్టు పూర్తి ప్రతి తీసుకోండి. గడ్డ నుంచి కోత అంచు ఎంత దూరం, ఛాతీ మధ్యభాగంలో కనీసం మూడు చోట్ల గ్రంథులు, వాటితోపాటు ఊపిరితిత్తి మొదట్లోవీ తీశారా అన్నది అందులో ఉండాలి. లేకపోతే తర్వాత కీమో కావాలా వద్దా అన్నది ఊహ మీదే తేల్చాల్సి వస్తుంది.

– ఛాతీ శస్త్రచికిత్స వైద్యులు, హైదరాబాద్